గుత్తిలో అందరూ ఎక్కే కొండకు ఎదురుకొండ

అనంతపురం జిల్లా గుత్తికి ఇంతకుముందు మూడుసార్లు పోయాను. మూడుసార్లూ పెద్ద కోటే ఎక్కాను, రాళ్లు పరిచిన దారిలో, ఒక్కో ద్వారం దాటుకుంటూ. పైకి చేరి, ఒకప్పుడు గుత్తినేలిన మరాఠా సర్దారు మురారిరావు పేరుమీద మురారిరావు గద్దె అనే ఆ చిన్న మంటపం దగ్గర కూర్చున్న ప్రతిసారీ చూపు ఎదుటివైపే పోయేది. పాత ఊరిని చుట్టి కొండల వలయం ఒకటుంది. కోటగోడ ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కుతూ వాటన్నిటినీ కలుపుతుంది. తూర్పువైపు కొండ మీద మనిషి జాడ ఉండదు. బోర్డు లేదు, మెట్లు లేవు. టీకొట్టు ఆయన్ని అడిగితే "దానికి పేరేముంది సామీ, గుట్ట" అన్నాడు. మొన్న డిసెంబరులో ముగ్గురం ఆ గుట్ట కోసమే పోయాం.

ముందు బస సంగతి చెప్పేస్తా. గుత్తి రైల్వే జంక్షనే గానీ స్టేషను ఊరికి ఎడంగా ఉంటుంది, ఆటో తప్పదు. ఊళ్లో ఒక లాడ్జిలో ఏడొందలకు గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, కుళాయిలో నీళ్లు మాత్రం పొద్దున ఐదుకి రావు. తెల్లారుజామున కొండెక్కేవాళ్లకి అదే పెద్ద తంటా. బకెట్టు రాత్రే నింపి పెట్టుకోవాలని చెప్పే దిక్కు లేదక్కడ. ఇంటిల్లిపాదితో వచ్చేవాళ్లు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురంలో దిగి, 44వ నంబరు జాతీయ రహదారి మీద పొద్దున్నే బయల్దేరడం మేలు. గుంతకల్లు ఇంకా దగ్గర. మేం ఆరింటికే ఎండ రాకముందు కొండ కింద ఉండాలనుకున్నాం కాబట్టి గుత్తిలోనే సర్దుకున్నాం.

ఆరింటికి ఉండలేదు లెండి. బస్టాండు దగ్గర పెనం మీద ఉగ్గాని కలుపుతున్నారు. తడిపిన బొరుగులు పిండేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. అది చూసి నడుస్తూ పోయే నిగ్రహం మాలో ఎవరికీ లేదు. ఏడున్నర అయింది.

ఇలాంటి దారిలేని కొండకి ముందురోజు రాత్రే ఫోన్లో ఉపగ్రహ చిత్రం చూసుకోవాలి. రాయలసీమ గుట్టలకి నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది: బూడిదరంగు మచ్చలు బండ, పచ్చమచ్చలు కంప. కొత్తవాళ్లు పచ్చగా ఉన్నచోట నీడ ఉంటుందని అటు పోతారు. నేనూ అంత తెలిసి కూడా, వంక వెంబడి పోతే వాలు తక్కువని ఆ పచ్చదారే పట్టించాను. ఇరవై నిమిషాల్లో పరికికంప, రేగుకంప మమ్మల్ని కదలనీయలేదు. పరికిముల్లు వెనక్కి తిరిగి ఉంటుంది. ముందుకు పోయేటప్పుడు దారిస్తుంది, వెనక్కి లాక్కుంటే చొక్కా పట్టుకుంటుంది.

తిరిగొస్తుంటే గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఎదురయ్యాడు. మా సంచులు చూసి, తాడు చూసి, నవ్వకుండా అడిగాడు.

"యాడికి నాయనా? గుప్తనిధులకా?"

"ల్యాదు తాతా, ఊరికే కొండ ఎక్కేకి."

"ఊరికేనా?" అని ఇంకోసారి చూశాడు. నమ్మలేదు. "కంపలో దూరితే సొక్కాలు మిగలవు. ఆ తెల్లబండ బట్టుకోని పోండి. గోడ ఇరిగిన తావుంటాది, ఆడ లోనికి బోవొచ్చు."

తాత అడిగిన గుప్తనిధుల మాట తేలిగ్గా తీసుకోవద్దు. పాత కోటల చుట్టూ నిధుల కోసం తవ్వేవాళ్ల బెడద ఉంది కాబట్టి, పలుగు పారలు లేకపోయినా పెద్ద సంచులేసుకుని గుట్టల్లో తిరిగితే ఊరివాళ్లు అనుమానిస్తారు. కోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉంది. కింద కాపలా మనిషికి ఎక్కడికి పోతున్నామో చెప్పి పోవడం మీకూ మంచిదే, ఏదైనా అయితే వెతికేవాళ్లకి ఎటు రావాలో తెలుస్తుంది.

తెల్లబండ మాత్రం అద్భుతం. గ్రానైటు ఏటవాలు పలక, చెప్పు అడుగు మొత్తం ఆనించి వంగకుండా నడిస్తే జారదు. నల్లగా చారలున్నచోట, వానాకాలంలో నీళ్లు దిగే ఆ పట్టీల మీద, మంచు పడి ఉంటే కాలు పెట్టొద్దు. మావాడొకడు పెట్టాడు, రెండు గజాలు కూర్చునే దిగాడు. తాడు తీయాల్సిన పని పడలేదు. ఒకచోట రేగుగింజలు నిండిన పేడ కనిపించింది, ఎలుగుబంటిదే. అప్పటినుంచి ముగ్గురం అవసరం లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ పోయాం. రాళ్ల మధ్య గుహల్లాంటి సందుల్లోకి తొంగిచూడాలన్న సరదా అక్కడితో పోయింది.

గోడ విరిగిన తావు తాత చెప్పినచోటే ఉంది. అక్కడినుంచి గోడ పక్కనే పైకి. పదిన్నరకి నెత్తిమీద ఉన్నాం. పెద్ద కోట ఎక్కినవాళ్లకి పెద్ద కోట కనపడదు, మాకు కనిపించింది: మైదానం నుంచి సుమారు వెయ్యి అడుగులు నిటారుగా లేచిన ఒంటిబండ, దాని మీద బురుజులు పొరలుపొరలుగా. ఆ బండను మైసూరు పాలకుడు హైదరలీ ముట్టడి వేసి కూర్చున్న సంగతి ఇక్కడినుంచి చూస్తేనే అర్థమైంది. ఎక్కి గెలిచే కోట కాదది. 1776లో మురారిరావు లొంగిపోవడానికి కారణం లోపల నీళ్లు అయిపోవడమే.

ఆ కథ నేనే మావాళ్లకి ఉత్సాహంగా చెప్తూ సీసా ఎత్తితే నాలుగు చుక్కలు పడ్డాయి. తలా రెండు లీటర్లు తెచ్చుకున్నాం, కంపలో పోగొట్టుకున్న గంటకే సగం తాగేశాం. డిసెంబరైనా పదకొండుకి బండ వేడెక్కుతుంది. పైన ఒక దొనలో, అంటే బండలోని గుంటలో, నీళ్లున్నాయి గానీ పచ్చగా, పురుగులతో. దిగడానికి రెండు గంటలు. మూడు లీటర్లకు తక్కువ తీసుకుపోవద్దు. మార్చి నుంచి జూన్ దాకా అసలు పోవద్దు. దిగేటప్పుడు బండ మీద ముఖం లోపలికి తిప్పి దిగాల్సిన తావులు రెండున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, పిల్లలకి ఇది కాదు.

మొదటిసారి గుత్తికి వచ్చేవాళ్లు పెద్ద కోటే ఎక్కండి, అందులో నాకు అనుమానం లేదు. కొండ కింద తెల్లవాళ్ల శ్మశానం కూడా చూడండి. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను ముందు పూడ్చింది గుత్తిలోనే, తర్వాతే అవశేషాలను మద్రాసుకు తీసుకుపోయారు. గండికోటలో దొరికే గుడారాలు, భోజనం, పెన్నా లోయ అంచున ఫొటోలు ఇక్కడ ఆశించవద్దు. శనాదివారాల్లో గండికోటలో ఉండే ఆ గోల కూడా ఉండదు, నాకైతే అది చాలు. ఎదురుకొండ రెండోసారి వచ్చేవాళ్లకి, అదీ ముగ్గురికి తగ్గకుండా.

మధ్యాహ్నం బజారులో సోడాలు రెండేసి తాగాక, నా చొక్కా వీపు చిరిగి వేలాడుతోందని మావాళ్లు చెప్పారు. పక్కసందులో మిషను పెట్టుకున్న టైలరు ఒంటిమీదే చూసి, విప్పించి, ఐదు నిమిషాల్లో కుట్టి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఈ యాత్ర మొత్తంలో పెట్టిన డబ్బుకి నూరుపాళ్లు గిట్టిన పని అదొక్కటే, ఉగ్గాని పక్కన పెడితే.