డబుల్ గ్లాస్ కిటికీలు: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంటికి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేముల డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టించి చాలా ఏళ్లయింది. గాజుకు మంచి మార్కులే వేస్తాను. చుట్టూ ఉండే రబ్బరుకు పాస్ మార్కులు. బిగించిన తీరుకు అవి కూడా వేయను.

కిటికీ చెమర్చిందంటే చాలు, రెండు గాజుల అంచులను గాలి చొరకుండా మూసే సీల్ పోయింది, గాజు మార్చాలంటారు మరమ్మతుకు వచ్చేవాళ్లు. ముందు వేలితో రుద్ది చూడండి. తడి వేలికి ఏ వైపు అంటిందన్నదే అసలు సంగతి.

గది వైపు అంటితే గాజు తప్పేమీ లేదు, గాలిలో తేమ ఎక్కువైందంతే. గది 20 డిగ్రీలుండి, తేమ 50 శాతం ఉంటే గాజు 9 డిగ్రీల దాకా చల్లబడితే తప్ప చెమర్చదు. అదే తేమ 70 శాతమైతే 14 డిగ్రీల దగ్గరే బొట్లు కడతాయి. మా పడకగదిలో తలుపులు మూసుకుని పడుకుని, పైగా తడిబట్టలు అక్కడే ఆరేసిన రోజుల్లో తెల్లారేసరికి గాజు అడుగున నీళ్లు నిలిచేవి. అడుగంచునే ఎందుకంటే, రెండు గాజుల మధ్య ఉండే అల్యూమినియం పట్టీ బయటి చలిని లోపలికి లాగుతుంది, చల్లగాలీ అక్కడికే దిగుతుంది. మందపాటి కర్టెన్ వేస్తే గది వేడి గాజుకు తగలక ఇంకా ఎక్కువ చెమరుస్తుంది. చిన్న తేమ మీటరు కొనుక్కోండి, సగం గొడవలు దాంతోనే తేలిపోతాయి.

బయటి వైపు చెమర్చిందా, సంతోషించండి. ఇంటి వేడి బయటికి పోవడం లేదు కాబట్టే బయటి గాజు అంత చల్లబడింది. ఎండ రాగానే ఆరిపోతుంది.

ఏ వైపు రుద్దినా చెరగని మసక రెండు గాజుల మధ్యది. అప్పుడు మాత్రం సీల్ పోయినట్టే. మా వంటగది కిటికీకి ఇదే జరిగింది. మొదట్లో పొద్దున కనిపించి మధ్యాహ్నానికి పోయేది, తర్వాత తెల్లటి మరకలా స్థిరపడింది. పట్టీలో తేమ పీల్చే గుళికలుంటాయి, అవి నిండిపోయాయన్నమాట. గాజుకు చిన్న రంధ్రం వేసి ఆరబెడతామన్నాడు ఒకాయన. మసక పోతుందేమో గానీ పోయిన సీల్ తిరిగి రాదు కదా, వద్దన్నాను. గాజు జత ఒక్కటే మార్పించాం, ఫ్రేము అలాగే ఉంది. పాత గాజు తీస్తే కారణం కనబడింది: ఫ్రేము అడుగున నీళ్లు పోయే కన్నాలు సిమెంటుతో పూడిపోయి, గాజు అంచు నిలవనీటిలో నానుతోంది. సీల్ ఎన్నాళ్లని తట్టుకుంటుంది?

ఇక చలిగాలి. గాలి వీచే రోజున ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చుట్టూ మెల్లగా తిప్పాలి. రెక్కకూ ఫ్రేముకూ మధ్య పొగ వంగితే రబ్బరు కుంగిందనో, రెక్క సరిగ్గా బిగియడం లేదనో అర్థం. కాగితం ముక్క పెట్టి రెక్క మూసి లాగండి. సులువుగా వచ్చేసిన చోటే పట్టు లేదు. చాలా మోడళ్లలో లాక్ పిన్నులను అలెన్ కీతో కాస్త తిప్పితే సరిపోతుంది. మాకు మాత్రం పొగ చెదిరింది ఫ్రేముకూ గోడకూ మధ్య. పైన సిలికాన్ గీత నీటుగా ఉంది, లోపల ఫోమ్ నింపనేలేదు.

పొగ నిటారుగా లేస్తున్నా మెడకు చలి తగులుతోందంటే అది సందుల్లోంచి వచ్చే గాలి కాదు. చల్లటి గాజును తాకి బరువెక్కిన గది గాలే కిందికి జారుతోంది. దానికి సీలెంట్ పూసి లాభం లేదు, కుర్చీ జరుపుకోవడమే.

మళ్లీ కొంటానా? కొంటాను. కానీ ఫోమ్ నింపింది కళ్లారా చూశాకే పైపట్టీలు వేయనిస్తాను. అడుగు గాడిలో మగ్గెడు నీళ్లు పోసి, అవి బయటికి కారాకే డబ్బులిస్తాను.