సీపీటీ పుస్తకం: లీజన్ తొలగింపు కోడింగ్‌కు ఎంతవరకు సరిపోతుంది?

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఏటా తెచ్చే సీపీటీ (వైద్య సేవల బిల్లింగ్ కోడ్‌ల పుస్తకం) ప్రొఫెషనల్ ఎడిషన్‌ను డెర్మటాలజీ కోడర్, అంటే చర్మవైద్యుల సేవలను బీమా క్లెయిమ్ కోసం కోడ్‌లుగా రాసే వ్యక్తి, కొనాలా అంటే, కొనాల్సిందే. ఎక్సిషన్ (లీజన్‌ను, అంటే చర్మం మీది గడ్డ లేదా మచ్చను, కోసి తీసేయడం) కోడ్‌లకు ముందున్న గైడ్‌లైన్స్ ఒక్కటి చాలు, పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. అక్కడ చదవకుండా నేరుగా కోడ్ పట్టికకు వెళ్లేవాళ్లే కొలతలో తప్పుతారు.

ఎక్సిషన్‌కు లెక్కలోకి వచ్చేది లీజన్ సైజు ఒక్కటే కాదు. దాని గరిష్ఠ వ్యాసానికి, రెండు వైపులా తీసిన అతి సన్నటి మార్జిన్‌ను, అంటే చుట్టూ అదనంగా కోసిన చర్మాన్ని, కలపాలి. చెంప మీద 0.8 సెం.మీ. క్యాన్సర్ లీజన్‌ను 0.4 సెం.మీ. మార్జిన్‌తో తీస్తే మొత్తం 1.6, కోడ్ 11642. నోట్‌లో మార్జిన్ లేకపోతే అదే సర్జరీ 11641కి దిగిపోతుంది. అదే వీపు మీదైతే 11602. కొలత కోతకు ముందుదే కావాలి. ఫార్మాలిన్‌లో ముక్క ముడుచుకుంటుంది కాబట్టి పాథాలజీ రిపోర్టులోని సైజు పనికిరాదు. కానీ 11400 సిరీసా (బినైన్, అంటే క్యాన్సర్ కానివి), 11600 సిరీసా (క్యాన్సర్‌వి) తేల్చేది ఆ రిపోర్టే, అది వచ్చేదాకా క్లెయిమ్ ఆపాలి. పైపైన షేవ్ చేసి తీస్తే, అంటే 11300 నుంచి 11313 వరకు, మార్జిన్ కలపకూడదు.

బయాప్సీ (పరీక్షకు ముక్క తీయడం) భాగం 2019 మార్పు తర్వాత ఎంతో తేటపడింది. టాంజెన్షియల్ (పైపొరను చెక్కి తీసేది) 11102, పంచ్ (గుండ్రటి పనిముట్టుతో తీసేది) 11104, ఇన్సిషనల్ (కత్తితో లోతుగా కోసి తీసేది) 11106. ఒకే విజిట్‌లో ఒక లీజన్‌కు పంచ్, మరోదానికి టాంజెన్షియల్ చేస్తే 11104కు తోడు అదనపు టాంజెన్షియల్‌కు ఉన్న 11103 వేయాలి, 11102 కాదు. డాక్టర్ ఉత్త ‘బయాప్సీ’ అని రాసి వదిలేస్తే ఏ కోడూ ఎంచుకోలేం, అడిగి రాయించుకోవాల్సిందే.

చిక్కంతా పుస్తకం బయట ఉంది. ఇంటర్మీడియట్, కాంప్లెక్స్ రిపేర్లను (కోసిన చోటును కుట్టి మూసే పనులను) ఎక్సిషన్‌తో పాటు విడిగా వేయొచ్చని సీపీటీ అంటుంది. కానీ అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ వాడే ఎన్‌సీసీఐ (ఏ కోడ్‌లు కలిపి వేయకూడదో చెప్పే ఎడిట్లు) నియమం ప్రకారం 11400, 11420, 11440లకు, అంటే 0.5 సెం.మీ. లోపు బినైన్ లీజన్లకు, ఏ రిపేరైనా అందులోనే కలిసిపోతుంది. ఒక్క సీపీటీనే నమ్ముకున్న క్లెయిమ్ ఇక్కడే తిరిగొస్తుంది. ఎన్‌సీసీఐ ఎడిట్లు పక్కన తెరిచి పెట్టుకోకుండా 59 మాడిఫయర్ (ఇది విడి పని అని చెప్పేందుకు కోడ్‌కు తగిలించే అంకె) ముట్టుకోకూడదు. వేరే లీజన్, వేరే చోటు అని నోట్‌లో ఉంటేనే అది నిలుస్తుంది.

డయాగ్నోసిస్‌కు జబ్బుల కోడ్‌లుండే ఐసీడీ-10 వేరే కావాలి. రిపోర్టు రాకముందే డి48.5 (స్వభావం తేలని చర్మ కణితి) వేయడం పాత జబ్బు: పాథాలజిస్టు ‘అనిశ్చితం’ అన్నప్పుడే అది చెల్లుతుంది. సెబొరిక్ కెరటోసిస్ (హానిలేని చర్మపు పెరుగుదల) ఎర్రబడి వాచిందని నోట్‌లో ఉంటే ఎల్82.0, లేకపోతే ఎల్82.1. రెండోది చాలాసార్లు కాస్మెటిక్ (అందం కోసం చేసిన పని) కింద పోతుంది.

పాత సంవత్సరం కాపీతో నెట్టుకురావద్దు, కొత్త కోడ్‌లు జనవరి 1 నుంచే అమల్లోకి వస్తాయి. మార్జిన్ పాజిటివ్ వచ్చి (అంచులో ఇంకా క్యాన్సర్ ఉందని తేలి) పది రోజుల గ్లోబల్ గడువులో (తర్వాతి సంరక్షణ కూడా మొదటి సర్జరీ ఫీజులోనే ఉండే గడువులో) మళ్లీ కోస్తే రెండో క్లెయిమ్‌కు 58 మాడిఫయర్ తప్పనిసరి.