పేట్రియాన్: ఫ్యాన్ యానిమేషన్‌కు సరిపోతుందా?

పేట్రియాన్ అంటే అభిమానులు సభ్యులుగా చేరి, డబ్బు చెల్లించి కళాకారులకు అండగా నిలిచే వేదిక. వేరేవాళ్ల పాత్రలతో ఫ్యాన్ యానిమేషన్ చేస్తూ ఒంటరిగా పనిచేసే యానిమేటర్‌కు ఇందులో నిజంగా అక్కరకొచ్చేది ముందస్తు విడుదల: వీడియో మొదట సభ్యులకు, చెప్పిన తేదీన అందరికీ. నెలకో పూర్తి క్లిప్ ఇస్తామని మాత్రం మాటివ్వొద్దు. సెకనుకు 24 ఫ్రేముల్లో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా, పది సెకన్లకు 120 బొమ్మలు గీయాలి! యానిమేటిక్ (స్కెచ్‌లను వరుసగా పేర్చిన ముడి వీడియో), కీ పోజులు (కదలికలోని ముఖ్య భంగిమలు), రఫ్ లైన్ టెస్టు (చిత్తు గీతలతో కదలికను సరిచూసే వీడియో) పంచుకుంటే సభ్యులు నిలుస్తారు. పని ఎలా ఎదుగుతుందో చూడటం వాళ్లకూ ఇష్టమే.

2025 ఆగస్టు 4 తర్వాత తెరిచిన పేజీలకు పేట్రియాన్ కమిషన్ 10 శాతం, చెల్లింపు రుసుము అదనం. ఐఫోన్ యాప్‌లో ఆపిల్ ద్వారా చేరితే 30 శాతం వరకు అటే పోతుంది, కాబట్టి బ్రౌజర్ లింకే ఇవ్వండి.

అసలు చిక్కు హక్కులది. పాత్రలు వేరేవాళ్లవి, హక్కుదారు ఫిర్యాదు చేస్తే పోస్టు తీసేస్తారు. డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. సొంత పాత్రల పనీ పక్కనే ఉంచాలి.