పాత ఫోన్‌కి బ్యాటరీ మార్చాలా, రోమ్ మార్చాలా?

పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు కూడా స్కాన్ చేసే డబ్బులిస్తారు. నాన్న ఫోన్‌కి నాలుగేళ్లు. మధ్యాహ్నానికే ఛార్జింగ్ ఖాళీ. డబ్బులు పడ్డాయో లేదో చూద్దామంటే, యాప్ తెరుచుకునేలోపు కొన్నవాడు వీధి చివరికి వెళ్లిపోతాడు.

వారంటీ కాగితం వెతికి తీస్తే అందులో ఒక్క ముక్కే ఉంది, మార్పులు చేస్తే వారంటీ చెల్లదని. బ్యాటరీ వేయించినా మార్పేనా? ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే రోమ్‌ని, మారిస్తేనా? అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఆ గొడవ వదిలేశాను.

ముందు నా పాత ఫోన్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, లీనేజ్ ఓఎస్ అనే ఆండ్రాయిడ్ రోమ్ వేసి చూశాను. 2016 చివర్లో సైనోజెన్‌మాడ్ అనే ఇలాంటి రోమే ఆగిపోయాక దాని వారసత్వంగా వచ్చిందిది. కంపెనీ వదిలేసిన ఫోన్లకి కూడా, లీనేజ్ జాబితాలో ఆ మోడల్ ఉంటే, సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాల సవరణలు) అందుతాయి. బయటి రోమ్ వేయాలంటే ముందు బూట్‌లోడర్‌ని, అంటే ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే భాగాన్ని, అన్‌లాక్ చేయాలి. అలా చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని తెలుసు. తెలిసీ చెల్లి పెళ్లి ఫొటోలు కాపీ చేసుకోవడం మర్చిపోయాను. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ఫోన్ మాత్రం నిజంగానే చురుకైంది. ఆ సంబరం సాయంత్రం దాకానే. బ్యాంకు యాప్ నొక్కితే ఈ ఫోన్ సురక్షితం కాదంటూ తెరుచుకోలేదు. బూట్‌లోడర్ లాక్‌లో ఉందా, లోపలున్నది కంపెనీ సాఫ్ట్‌వేరేనా అని ఇలాంటి యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీ సేవని అడిగి తెలుసుకుంటాయి. దాన్ని ఏమార్చే చిట్కాలున్నాయి కానీ ఈ నెల పనిచేసింది వచ్చే నెల పనిచేస్తుందన్న నమ్మకం లేదు. గల్లాపెట్టె దగ్గర ఆ టెన్షన్ మనకెందుకు? శాంసంగ్ ఫోన్లలో ఇంకో మెలిక. బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాక్స్ అనే శాంసంగ్ భద్రతా ఏర్పాటు ఫ్యూజ్ పోతుంది, పాతది తిరిగి వేసినా అది బాగుపడదు.

దాంతో నాన్న ఫోన్‌ని రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. హీట్ ప్యాడ్ మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి వెనక మూత లేపాడు. లోపల బ్యాటరీ పొంగిన పూరీలా ఉంది.

"ఇంకో నెల ఆగుంటే స్క్రీన్‌ని తన్నేసేది అన్నా," అన్నాడు.

బ్యాటరీలు ఇలా అరగడం మామూలే. ఐఫోన్ 14 వరకు 500 పూర్తి ఛార్జింగులకి 80 శాతం సామర్థ్యం మిగులుతుందని ఆపిల్ లెక్క. బ్యాటరీ మార్చడంలోనూ లోటుంది. మూత ఒకసారి తెరిచాక నీళ్లు ఆపే సీలు మునుపటిలా ఉండదు. పాత సాఫ్ట్‌వేర్ పాతగానే ఉంటుంది. అయినా డబ్బులు నడిచే ఫోన్‌కి నా ఓటు బ్యాటరీకే.

'మార్పు' అనే మాట కిందే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, మార్చడం కూడా వస్తుంది. దాని జోలికి మాత్రం పోవద్దు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

నాన్న ఫోన్ ఇప్పుడు రాత్రి కొట్టు కట్టేసేదాకా ఆగుతోంది. నా లీనేజ్ ఫోన్ పప్పు డబ్బాల పక్కన గూట్లో కూర్చుని పాటలు పాడుతోంది.