గోవా జూన్ పండుగలు: సాంజావ్‌కా, సాంగొడ్‌కా?

వానల్లో గోవా చూడాలి, సెలవు మాత్రం ఒక్కరోజే. 24న వెళ్లాలా, 29నా?

24న సాంజావ్, స్నాపక యోహాను పండుగ. పూలు, ఆకులు, పళ్లతో కట్టిన 'కొపెల్' తలకు పెట్టుకుని మగవాళ్లు ఊరి బావుల్లోకి దూకుతారు. మరియమ్మ పలకరించగానే ఎలిజబెతమ్మ కడుపులో యోహాను గంతులేశాడు కదా, దానికి గుర్తు. కొత్తల్లుడికి అత్తారింట్లో రాజమర్యాదలే. మన సంక్రాంతి అల్లుళ్లు గుర్తొస్తారు!

29న సాంగొడ్, పేతురు పౌలుల పండుగ. పేతురు జాలరి కాబట్టి ఉత్తర గోవాలోని బార్దేజ్ వైపు జాలర్లకు ఇది సొంత పండుగ. ఎలాగూ చేపల వేట నిషేధ కాలం. పడవల్ని జతగా కట్టి వేదిక చేసి పాటలు, నాటకాలు ఆడతారు.

ఖర్చు: పెద్ద తేడా లేదు.
శ్రమ: సాంజావ్‌కి బావి నుంచి బావికి తడుస్తూ తిరగాలి. సాంగొడ్‌ని ఒడ్డునే నిలబడి చూడొచ్చు.
రిస్క్: బావి, పైగా ఫెనీ (గోవా సారా). ఈత రాకపోతే గట్టు దిగొద్దు.

కుర్రాళ్ల గుంపైతే 24. అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే 29. ఎటూ తేలకపోతే 24న బార్దేజ్‌లోని సియోలిం ఊరికి వెళ్లండి, అక్కడ ఆ రోజే అలంకరించిన పడవలూ వస్తాయి.