ఊళ్లో అతిథుల బస: ఇంట్లో గదా, ఊరంతా హోటలా?

పాత కట్టడాలున్న ఊరికి సందర్శకులు రావడం మొదలవగానే తేల్చుకోవాల్సింది ఇదే. కాపురముంటున్న ఇంట్లో గది ఇస్తే హోమ్‌స్టే. ఖాళీ ఇళ్లను బాగుచేసి, ఒకే రిసెప్షన్ కింద నడిపితే ‘అల్బెర్గో డిఫ్యూజో’. ఈ ఆలోచన ఇటలీలో 1976 ఫ్రియూలీ భూకంపం తర్వాత, ఖాళీ ఇళ్లకు మళ్లీ ప్రాణం పోసే ప్రయత్నంలో పుట్టింది.

ఖర్చు: హోమ్‌స్టేకి శుభ్రమైన మరుగుదొడ్డి, రెండు జతల దుప్పట్లు, లోపలి గడియ ఉంటే మొదలుపెట్టొచ్చు. రెండోదానికి ముందే పెద్ద పెట్టుబడి కావాలి.

శ్రమ: మొదటిదాంట్లో భారమంతా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది; వారానికి ఎన్ని రాత్రులో వాళ్లే నిర్ణయించాలి. రెండోదానికి జీతగాళ్లుంటారు.

చెడేది ఎక్కడ: హోమ్‌స్టేలో వంతుల దగ్గర. రోడ్డు పక్క ఇంటికే అతిథులంతా వెళ్తే ఆరు నెలల్లో ఊరు రెండుగా చీలుతుంది. బుకింగ్‌కు ఒకే ఫోన్, అందరికీ కనబడే వరుస పుస్తకం పెట్టండి. వంతు వదులుకున్న ఇల్లు వరుస చివరికి వెళ్తుంది. ఖాళీ ఇళ్లతో చిక్కు వారసుల సంతకాలు. వాటిని రాతపూర్వకంగా తీసుకోకుండా ఒక్క ఇటుకా కదపొద్దు. ఇంకొకటి, చాలామంది చేసే తప్పు: సున్నపు గోడకు సిమెంటు పూత. లోపలి తేమ బయటికి పోలేక గోడ ఉబ్బి, పెచ్చులూడుతుంది. సున్నానికి సున్నమే వేయాలి.

ఇళ్లు నిండుగా ఉండి, డబ్బు తక్కువైతే హోమ్‌స్టే. సగం ఇళ్లకు తాళాలుండి, వారసులు ఒప్పుకుంటే రెండోది. అదీ మూడు నాలుగు ఇళ్లతో మొదలుపెట్టండి.