తడి చెత్త: ఆటోలో వేయాలా, కంపోస్ట్ చేయాలా, గ్యాస్ తీయాలా?

మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మూడు వారాలుగా ఇదే గొడవ. సొరకాయ తొక్కలు, మిగిలిన అన్నం, మామిడి టెంకలు ఎప్పటిలా చెత్త ఆటోలో వేయాలా, కంపోస్ట్ డబ్బాలు పెట్టాలా, సెల్లార్ పక్కన గోబర్ గ్యాస్ లాంటిది కట్టించాలా?

ఆటో అన్నిటికన్నా సులువు. కానీ తడి, పొడి కలిపి ఇస్తే ఆ తొక్కలు చేరేది హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్‌కే. కుప్ప లోపల గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఇది కార్బన్ డయాక్సైడ్‌లా వందల ఏళ్లు నిలవదు, సుమారు 12 ఏళ్లే దీని ఆయుష్షు. ఉన్నన్నాళ్లు మాత్రం వదలదు: 20 ఏళ్ల లెక్క చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు వేడెక్కిస్తుంది. ఫ్యాక్టరీలు రాకముందు వంద కోట్ల పాళ్ల గాలిలో మీథేన్ 700 పాళ్లుండేది, ఇప్పుడు 1900 దాటింది. మీథేన్ వదిలే పశువులు, వరి మళ్లు, బొగ్గు గనులు, గ్యాస్ పైపుల సంగతి మా మీటింగ్‌లో తేలేది కాదు. తొక్కల సంగతి తేల్చొచ్చు.

కంపోస్ట్‌లో గాలి తగులుతూ కుళ్లుతుంది కాబట్టి మీథేన్ చాలా తక్కువ. ఎండుటాకులు, కాస్త పుల్ల మజ్జిగ, వారానికి రెండుసార్లు కలపడం, అంతే. పోయిన వానాకాలం నేను డబ్బా మూత పెట్టడం మరిచాను. నీళ్లు నిండి కంపు మొదలైంది, పై ఫ్లోర్ ఆంటీ రెండు రోజులు మాట్లాడలేదు. కంపు కొడుతోందంటే లోపల గాలి ఆడట్లేదన్నమాట.

గోబర్ గ్యాస్‌లో మీథేన్‌ని కావాలనే పుట్టించి, పట్టి, పొయ్యిలో కాలుస్తాం. కాలాక మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పద్ధతిలో కట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల చెత్తతో 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్ పొయ్యికి 30 కిలోల గ్యాస్ ఇచ్చేలా పెట్టారు. భలే ఉంది. కానీ మార్కెట్‌కి రోజూ చెత్త వస్తుంది. మా 40 ఇళ్లలో సంక్రాంతికి సగం మంది ఊళ్లకెళ్లిపోతారు, ట్యాంకుకి మేత ఎవరు వేస్తారు? లీకైతే డంపింగ్ యార్డ్‌ని మన సెల్లార్‌కి తెచ్చుకున్నట్టే.

హాస్టళ్లకి, ఫంక్షన్ హాళ్లకి గ్యాసే మేలు. ఆదివారం నా ఓటు మాత్రం కంపోస్ట్‌కి. ఇక వారానికి రెండుసార్లు కలిపే డ్యూటీ ఏ ఫ్లోర్‌దో తేలాలి.